బ్రౌజరులోంచి ఏం తీసేశారో చూడండి

2018 జనవరిలో బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు పైకి వింతగా కనిపించే పని ఒకటి చేశారు. చక్కగా పనిచేస్తున్న ఒక గడియారాన్ని కావాలనే మొద్దుబార్చారు. పేజీలో నడిచే కోడ్, అంటే జావాస్క్రిప్ట్, తన పనికి ఎంత సమయం పట్టిందో కొలుచుకునే గడియారం అది. ఫైర్‌ఫాక్స్ 57.0.4లో దాని సూక్ష్మత 5 మైక్రోసెకన్ల నుంచి 20కి దిగిపోయింది. క్రోమ్ 64 ఏకంగా 100 మైక్రోసెకన్లకు దించి, చెప్పే సమయంలో కాస్త అటూ ఇటూ తేడా కూడా కలిపింది. పనిని పలు దారాలుగా (థ్రెడ్లుగా) పంచుకుని ఒకే మెమరీని వాడుకునే షేర్డ్ ఆరే బఫర్ అనే సౌకర్యాన్ని కూడా ఆపేశారు. దాన్ని తర్వాత షరతుల మీద తిరిగి ఇచ్చారు.

దీనంతటికీ కారణం స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం. ప్రాసెసర్ వేగం కోసం ముందుచూపుతో ఊహించి, ఇంకా అవసరం తేలని పనిని కూడా చేసిపెట్టుకుంటుంది. ఊహ తప్పితే ఫలితాన్ని పారేస్తుంది. అయితే ఆ పనిలో ముట్టుకున్న మెమరీ ముక్క ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ అయిన క్యాష్‌లో మిగిలిపోతుంది. క్యాష్‌లో ఉన్నది త్వరగా వస్తుంది, లేనిది ఆలస్యంగా వస్తుంది. ఆ తేడాను కొలవగలిగిన స్క్రిప్టు, తాను నడుస్తున్న గదిలోని, అంటే ప్రాసెస్‌లోని ఏ రహస్యాన్నయినా కొంచెం కొంచెంగా చదివేయగలదు. అందుకే ముందు గడియారం మీద వేటు పడింది.

బ్రౌజర్లు ఏటేటా వేగంగా, తేలిగ్గా, భద్రంగా తయారవుతున్నాయని అంటుంటాం. నిజమే. కానీ ఆ మాట వింటే ఏటా ఏదో ఒకటి కొత్తగా చేరుస్తూ పోవడం వల్లే ఈ మెరుగు వచ్చిందనిపిస్తుంది. చరిత్ర వెనక్కి తిరగేస్తే నాకు వేరే సంగతి కనిపిస్తుంది. పెద్ద మెరుగులు చాలావరకు తీసివేతల నుంచి వచ్చాయి. అయితే తీసివేతలన్నీ మంచివని కూడా నేననను. సైటు చేతిలోని అధికారాన్ని తీసేసినప్పుడల్లా బ్రౌజరు బాగుపడింది. వాడుకునే మనిషి చేతిలోది తీసేసినప్పుడు, దానికి ఏ పేరు పెట్టినా, అది మెరుగు కాదు. ఏ కొత్త వెర్షన్ వచ్చినా నేను ఈ గీటురాయి మీదే గీసి చూస్తాను.

బ్రౌజరుకు బయటినుంచి తగిలించే ప్రోగ్రాములైన ప్లగిన్ల సంగతి అందరికీ తెలిసిందే గనక క్లుప్తంగా చెబుతాను. యాక్టివ్ఎక్స్‌కు ఒకసారి 'సరే' అంటే చాలు, ఆ ప్రోగ్రాముకు కంప్యూటరు మీద మీకున్న హక్కులన్నీ వచ్చేసేవి. జావా, సిల్వర్‌లైట్ లాంటివాటికి దారిచ్చిన పాత ప్లగిన్ ద్వారాన్ని 2015లో క్రోమ్ 45 మూసేసింది. 2017లో ఫైర్‌ఫాక్స్ 52 ఫ్లాష్ ఒక్కదాన్ని మినహాయించి మిగతావాటికి తలుపు వేసింది. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో అడోబీ మద్దతు ఆగింది, 2021 జనవరి 12 నుంచి అది నడవకుండా అడోబీయే అడ్డుకట్ట వేసింది. దీనివల్ల పోయిందేమీ లేదనడం అన్యాయం. ఎంతోమంది కష్టపడి చేసిన ఆటలు, బొమ్మలు, పాఠాలు మూగబోయాయి. ఇప్పుడు ఫ్లాష్‌ను అనుకరించే రఫుల్ అనే ఎమ్యులేటర్ వాటిలో కొన్నింటిని మళ్లీ నడిపిస్తోంది. అది పేజీకి ఉన్న పరిమితుల్లోనే ఉంటూ నడుస్తుంది. అంటే తీసేయాల్సింది ఫ్లాష్ బొమ్మల్ని కాదు, ఫ్లాష్ చేతిలో ఉన్న హక్కుల్ని. ఆ పని ముందే చేసి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

హక్కుల కోత అసలు రూపం చూడాలంటే ప్రాసెస్‌ల దగ్గరికి రావాలి. 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చినప్పుడు పేజీని గీసే భాగాన్ని వేరే ప్రాసెస్‌లో, శాండ్‌బాక్స్‌లో పెట్టింది. ఆ ప్రాసెస్ నేరుగా ఫైలు తెరవలేదు, నేరుగా నెట్‌వర్క్‌ను ముట్టుకోలేదు. ఏం కావాలన్నా ప్రధాన ప్రాసెస్‌ను అడగాలి, అది సరిచూసి ఇవ్వాలి. ఒక ట్యాబ్ కూలితే మిగతావి నిలబడటం జనం కంటికి కనిపించిన లాభం. దానికన్నా పెద్ద లాభం ఏమిటంటే, పేజీని గీసే కోడ్‌లో లోపం దొరికినా దాడిచేసేవాడికి కంప్యూటరు దొరకదు. దానికి రెండో లోపం ఇంకొకటి కావాలి. ఫైర్‌ఫాక్స్ ఈ విభజనను 2016లో 48వ వెర్షన్‌తో మొదలుపెట్టింది.

అయితే ఈ ఏర్పాటు కంప్యూటర్ను పేజీ నుంచి కాపాడింది గానీ, ఒక సైటును మరో సైటు నుంచి కాపాడలేదు. ఒక పేజీలో ఇమిడ్చిన వేరే సైటు ఫ్రేమ్ కూడా అదే ప్రాసెస్‌లో ఉండేది. స్పెక్టర్ వచ్చాక ఇది నిలబడదని తేలిపోయింది. 2018లో క్రోమ్ 67 డెస్క్‌టాప్‌లో సైటుకొక ప్రాసెస్ పెట్టింది. దానికి దాదాపు 10 నుంచి 13 శాతం మెమరీ అదనంగా ఖర్చయింది. ఫైర్‌ఫాక్స్‌లో ఫిషన్ పేరుతో అదే పని 2021లో అందరికీ చేరింది. మెమరీ తక్కువగా ఉండే ఫోన్లలో అంత ఖర్చు పెట్టలేక, 2019లో ఆండ్రాయిడ్ క్రోమ్ 77 మధ్యేమార్గం పట్టింది. ర్యామ్ కనీసం 2 జీబీ ఉన్న ఫోన్లలో, అదీ పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్లే సైట్లకు మాత్రమే ఈ వేరు గది ఇచ్చింది. బ్రౌజరు మెమరీ తినేస్తోందని విసుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అందులో కొంత భాగం మీ ఖాతా పేజీకి, పక్కనున్న ప్రకటన ఫ్రేమ్‌కు మధ్య కట్టిన గోడ ఖరీదు.

ఇక వేగం. ఇక్కడ మనం చెప్పుకునే కథల్లో సగం జావాస్క్రిప్ట్ ఇంజిన్లవే. 2008లో క్రోమ్ ఇంజిన్ వీ8 వచ్చి జావాస్క్రిప్ట్‌ను నేరుగా యంత్రభాషలోకి మార్చి నడిపింది. తర్వాత అన్ని ఇంజిన్లూ ఒకే దారి పట్టాయి. కోడ్ కొంతసేపు నడిచాక, ఈ ఫంక్షన్‌కు ఎప్పుడూ పూర్ణాంకాలే వస్తున్నాయి, ఈ ఆబ్జెక్టు ఆకారం మారడం లేదు అని గమనించి, ఆ నమ్మకం మీద వేగవంతమైన యంత్రకోడ్ తయారుచేస్తాయి. నమ్మకం తప్పితే ఆ కోడ్‌ను వదిలేసి నెమ్మది దారికి తిరిగి వస్తాయి. ఒకే ఫంక్షన్‌కు ఒకసారి సంఖ్య, ఒకసారి స్ట్రింగ్ ఇస్తూపోయే కోడ్ ఎందుకు ఈడుస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంజిన్ వేసిన అంచనా మాటిమాటికీ తప్పుతుంటుంది.

2017లో వీ8 వేసిన అడుగు వేగం గురించి మనకున్న లెక్కల్ని తలకిందులు చేస్తుంది. అది మొదటి దశలో యంత్రకోడ్ తయారుచేయడం మానేసి, ఇగ్నిషన్ అనే ఇంటర్‌ప్రెటర్‌తో బైట్‌కోడ్ (యంత్రభాషకు ముందు మెట్టులాంటి క్లుప్తమైన కోడ్) నడపడం మొదలుపెట్టింది. వాక్యం వాక్యంగా చూస్తే ఇది నెమ్మది. కానీ బైట్‌కోడ్‌కు పట్టే చోటు ఆ యంత్రకోడ్‌లో సగం నుంచి పావు వంతే. పేజీలో వచ్చే జావాస్క్రిప్ట్‌లో చాలా భాగం ఒక్కసారి నడుస్తుంది, లేదా అసలే నడవదు. దాన్నంతా కంపైల్ చేయడం, అంటే యంత్రకోడ్‌గా మార్చడం, దండగ. నిజంగా వేడెక్కిన ఫంక్షన్లను మాత్రం టర్బోఫ్యాన్ అనే కంపైలర్ తీసుకుంటుంది. మధ్యలో ఖాళీ ఉందని 2021లో స్పార్క్‌ప్లగ్, 2023లో మాగ్లెవ్ అనే రెండు మెట్లు చేర్చారు.

అదే 2017లో ఇంజిన్ల వేగాన్ని కొలిచే ఆక్టేన్ అనే కొలమానాన్ని గూగుల్ పక్కన పెట్టింది. ఇంజిన్లన్నీ ఆక్టేన్ మార్కుల కోసం సాధన చేసి చేసి, ఆ మార్కులు పెంచే మార్పులు అసలు పేజీల్ని నెమ్మదింపజేసే దశకు చేరాయి. ఆపిల్ మొదలుపెట్టిన స్పీడోమీటర్‌కు 2024 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌ను ఆపిల్, గూగుల్, మొజిల్లా కలిసి తయారుచేశాయి. అది నిజమైన ఫ్రేమ్‌వర్కులతో చేసిన పేజీల్లో క్లిక్కుకు, తెర మారడానికి మధ్య పట్టే సమయాన్ని కొలుస్తుంది. పోటీదారులు కలిసి కూర్చుని తూకం తయారుచేసుకోవడం ఈ రంగంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి.

ఈ వేగానికి ఇంకో వైపు ఉంది. ఇంజిన్ నమ్మకాల మీద కోడ్ తయారుచేస్తుందన్నాం కదా, ఆ నమ్మకం తప్పిందని అది గమనించని సందర్భం ఒకటి దొరికితే చాలు. సంఖ్య అనుకున్నచోట మెమరీ చిరునామా, మెమరీ చిరునామా అనుకున్నచోట సంఖ్య పెట్టి మెమరీని ఇష్టం వచ్చినట్టు చదవొచ్చు, రాయొచ్చు. 2019 తర్వాత వీ8లో నమోదైన భద్రతా లోపాల్లో దాదాపు 45 శాతం, కోడ్ నడుస్తుండగానే యంత్రకోడ్ తయారుచేసే ఈ తక్షణ కంపైలర్‌కు సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బృందం 2021లో లెక్క తేల్చింది. అందుకే దాన్నే ఆపేసి చూసింది. చాలా పేజీల్లో వాడేవాళ్లకు తేడా పెద్దగా తెలియలేదని చెప్పింది. ఆపిల్ 2022లో ఐఓఎస్ 16తో తెచ్చిన లాక్‌డౌన్ మోడ్ కూడా ఈ కంపైలర్‌ను ఆపుతుంది. ఎడ్జ్‌లో ఇప్పుడు సెట్టింగ్స్‌లో భద్రత పెంచే మోడ్‌గా ఇది దొరుకుతుంది. అందులో 'బ్యాలెన్స్‌డ్' ఎంచుకుంటే మీరు తరచూ వెళ్లే సైట్లకు పూర్తి వేగం ఉంటుంది, కొత్త సైట్లకు కోత పడుతుంది. పాత్రికేయులకు, ఉద్యమకారులకు, పెద్ద మొత్తాలు చేతిలో ఉండే ఖాతాదారులకు నేను దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను.

వేగం, భద్రత ఎప్పుడూ ఒకదాని నుంచి ఒకటి లాక్కుంటాయని మాత్రం అనుకోవద్దు. బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య సంభాషణకు తాళం వేసే పద్ధతి టీఎల్ఎస్. 2018 ఆగస్టులో ప్రమాణంగా వెలువడిన టీఎల్ఎస్ 1.3 రెండింటినీ ఒకే దెబ్బకు ఇచ్చింది, అదీ తీసివేతతోనే. పాత ఆర్ఎస్ఏ తాళంచెవి మార్పిడి, ఆర్‌సీ4, సీబీసీ పద్ధతులు, కంప్రెషన్, మధ్యలో మళ్లీ బేరమాడే వీలు, అన్నీ పోయాయి. ఎంచుకోవడానికి కొద్ది పద్ధతులే మిగలడంతో, బ్రౌజరు సర్వరు జవాబు కోసం ఆగకుండా మొదటి సందేశంలోనే తన వంతు తాళంచెవి సమాచారం పంపగలిగింది. లెక్క చూడండి. సర్వరుకు వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ముందు దారి తెరిచే టీసీపీ కనెక్షన్‌కు ఒక రాకపోక, టీఎల్ఎస్ 1.2కు రెండు: పేజీ అడగడానికి ముందే 300 మిల్లీసెకన్లు గడిచిపోయేవి. టీఎల్ఎస్ 1.3తో అది 200. కనెక్షన్‌నూ తాళాన్నీ కలిపి ఒకేసారి పూర్తిచేసే క్విక్ మీద నడిచే హెచ్‌టీటీపీ 3 (పేజీలు తెచ్చే పద్ధతికి కొత్త వెర్షన్)తో 100. క్విక్ 2021లో, హెచ్‌టీటీపీ 3 2022లో ప్రమాణాలయ్యాయి. పైగా హెచ్‌టీటీపీ 2లో అన్ని ఫైళ్లూ ఒకే టీసీపీ దారిలో వెళ్లేవి గనక ఒక ప్యాకెట్ తప్పిపోతే అన్నీ ఆగేవి. క్విక్‌లో ఏ ఫైలు ప్యాకెట్ పోతే ఆ ఫైలే ఆగుతుంది. సిగ్నల్ వచ్చిపోయే చోట ఈ తేడా కంటికి తెలుస్తుంది.

వెబ్‌సైట్లు చేసేవాళ్లు ఇప్పటికీ మరచిపోని పాత సలహా ఒకటుంది: జేక్వెరీ లాంటి లైబ్రరీని (ముందే రాసిపెట్టిన కోడ్‌ను) అందరూ వాడే ఉమ్మడి సర్వరు నుంచి తెచ్చుకుంటే, అది వాడేవాళ్ల బ్రౌజరు ఫైళ్లు దాచుకునే క్యాష్‌లో ముందే ఉంటుందని. ఇది ఇప్పుడు పనిచేయదు. ఒక ఫైలు క్యాష్ నుంచి వచ్చిందా, నెట్‌వర్క్ నుంచి వచ్చిందా అని కొలిచి, మీరు అంతకుముందు ఏ సైటుకు వెళ్లారో ఇంకో సైటు కనిపెట్టగలిగేది. అందుకే 2020లో క్రోమ్ 86 నుంచి క్యాష్‌ను సైటువారీగా పంచేశారు. సఫారీ అంతకు చాలా ఏళ్ల ముందే పంచింది. ఒకే ఫైలు పది సైట్లలో ఉంటే పదిసార్లు దిగుతుంది. కాబట్టి ఆ ఫైళ్లను మీ సొంత సర్వరులోనే పెట్టుకోండి. అదనపు కనెక్షన్ ఖర్చయినా మిగులుతుంది.

తేలికదనం గురించి ఎక్కువ తప్పుగా మాట్లాడతారు. బటన్లు తగ్గడమే తేలికదనం అనుకుంటారు. నా దృష్టిలో మనిషి తేల్చలేని ప్రశ్నను మనిషిని అడగకపోవడమే తేలికదనం. అడ్రస్ బార్‌లోని తాళం బొమ్మ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. ఆ బొమ్మ చెప్పేది ఒక్కటే: మీకూ సర్వరుకూ మధ్య దారిలో ఎవరూ వినలేరు. ఆ సర్వరు ఎవరిదో, వాడు మంచివాడో కాదో చెప్పదు. కానీ జనం దాన్ని మంచి సైటు అనే ముద్రగా చదివారు. 2021లో గూగుల్ చేసిన అధ్యయనంలో పాల్గొన్నవాళ్లలో 11 శాతం మందే దాని అర్థాన్ని సరిగ్గా చెప్పగలిగారు. మోసగాళ్ల సైట్లకూ తాళం తెచ్చిపెట్టే ఉచిత సర్టిఫికెట్లు దొరికాక ఆ బొమ్మ మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. క్రోమ్ 2018 జులైలో 68వ వెర్షన్ నుంచి తాళం లేని సైట్లన్నింటికీ 'భద్రం కాదు' అని రాయడం మొదలుపెట్టింది. 2023లో 117వ వెర్షన్‌తో డెస్క్‌టాప్‌లో తాళం బొమ్మను తీసేసి, సెట్టింగులను సూచించే గుర్తు పెట్టింది. భద్రంగా ఉండటం మామూలు విషయం, లేకపోతేనే చెప్పాలి. సరైన తీసివేత అంటే ఇదీ.

అదే సంస్థ 2020లో అడ్రస్ బార్‌లో పూర్తి చిరునామా దాచి, డొమైన్ పేరు మాత్రమే చూపించే ప్రయోగం చేసింది. భద్రత లెక్కల్లో తగిన మెరుగు కనిపించక 2021లో మానేసింది. మానేయడమే మంచిదైంది. పూర్తి చిరునామా మనిషి చేతిలోని సాధనం. దాన్ని చదవలేనివాళ్లు ఉన్నారని చదవగలిగేవాళ్ల దగ్గర దాచకూడదు.

ఇక్కడే, బ్రౌజరుకు మనం చేర్చుకునే చిన్న ప్రోగ్రాములైన ఎక్స్‌టెన్షన్ల విషయంలో నా అభ్యంతరం కూడా. మేనిఫెస్ట్ వీ3 పేరుతో వాటి నియమాల్లో క్రోమ్ తెచ్చిన మార్పుల్లో ముఖ్యమైనది, పేజీ నుంచి సర్వర్లకు వెళ్లబోయే ప్రతి అభ్యర్థనను ఆపి, చూసి, ఆపాలో వదలాలో ఎక్స్‌టెన్షన్ తన కోడ్‌తో నిర్ణయించే శక్తిని తీసేయడం. దాని బదులు నియమాల జాబితా ముందే బ్రౌజరుకు ఇవ్వాలి, ఆ జాబితాకు పరిమితి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లు ప్రమాదకరమన్న వాదనలో నిజముంది. మంచి పేరున్న ఎక్స్‌టెన్షన్ చేతులు మారి దొంగదైపోవడం కొత్త కాదు. కానీ వీ3లో కూడా అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ అభ్యర్థనలను గమనించగలదు, పేజీలో కోడ్ నడపగలదు. తన కోడ్‌తో అప్పటికప్పుడు నిర్ణయించి ఆపడం మాత్రమే కుదరదు. అంటే గూఢచారికి దారి ఉంది, కావలివాడికి కర్ర లేదు. ఫైర్‌ఫాక్స్ వీ3ని తీసుకుంటూనే ఆపే శక్తిని ఉంచింది. ప్రకటనలు, ట్రాకర్లు అడ్డుకోవడం మీకు ముఖ్యమైతే ఇది బ్రౌజరు ఎంచుకోవడానికి చాలినంత కారణం.

కోడ్ లోపాల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అప్‌డేట్ ఎందుకు వాయిదా వేయకూడదో అందులోనే ఉంది. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియంలోని తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చినవి. వాటిలో సగం, వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకోవడం. ఇవి సీ++ భాషతో పాటు వచ్చే జబ్బులు. ఫైర్‌ఫాక్స్ 2017లో 57వ వెర్షన్‌లో పేజీ రూపురేఖల శైలులు లెక్కగట్టే భాగాన్ని ఇలాంటి తప్పుల్ని ముందే పట్టుకునే రస్ట్ భాషలో తిరగరాసింది. దానితో ఈ రకం లోపాలకు దారి మూసుకుపోవడమే కాక ఆ పని ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకూ పంచడం కుదిరింది. అన్నీ తిరగరాయడం సాధ్యం కాదు గనక, 2021 చివర్లో వచ్చిన 95వ వెర్షన్ స్పెల్లింగు సరిచూసే లైబ్రరీ లాంటి పాత ముక్కల్ని, బయటి మెమరీని ముట్టుకోనివ్వని వెబ్‌అసెంబ్లీ గోడల మధ్య బంధించింది.

మిగిలిన లోపాలకు ప్యాచ్, అంటే సరిచేసే అప్‌డేట్, ఒక్కటే మందు. క్రోమియం కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి సవరణ కోడ్‌లో చేరిన రోజు నుంచి మీ చేతికి అందే రోజు వరకు దాడిచేసేవాడు దాన్ని చదివి లోపం ఏమిటో తెలుసుకోగలడు. ఆ వ్యవధి తగ్గించడానికే 2023 ఆగస్టు నుంచి క్రోమ్ వారంవారం భద్రతా అప్‌డేట్ ఇస్తోంది. అది వెనకాల దానంతటదే దిగుతుంది, కానీ బ్రౌజరును మూసి తెరిచేదాకా పాత కోడే నడుస్తుంది. వారాల తరబడి ట్యాబులు మూయనివాళ్లకు ప్యాచ్ దిగీ దిగనట్టే. మూలన ఉండే గుర్తు ఆకుపచ్చగా ఉంటే అప్‌డేట్ వచ్చి ఇంకా రెండు రోజులు కానట్టు, నారింజ అయితే దాదాపు నాలుగు రోజులైనట్టు, ఎరుపైతే వారం దాటినట్టు. ఎరుపు దాకా రానివ్వకండి. ఆండ్రాయిడ్‌లో క్రోమ్‌తో పాటు 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ'ను కూడా ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేయాలి. చాలా యాప్‌లు లోపల పేజీలు చూపించేది దానితోనే. ఐఫోన్‌లో బ్రౌజర్ ఇంజిన్ ఐఓఎస్‌తోనే వస్తుంది. యాప్‌ను అప్‌డేట్ చేసి ఐఓఎస్‌ను వదిలేస్తే ఇంజిన్ పాతదే.

బ్రౌజర్లు ఇంత వేగం పుంజుకున్నా పేజీలు ఎందుకు ఈడుస్తున్నాయని అడిగితే, సంపాదించినదాన్ని సంపాదించినట్టే సైట్లు తినేస్తున్నాయి. పేజీ సగటు బరువు 2 ఎంబీ దాటి చాలాకాలమైంది. సైటు మీదే అయితే క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, కంట్రోల్ షిఫ్ట్ పీ నొక్కి, 'కవరేజ్' అని కొట్టి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. ఏ ఫైలులో ఎంత కోడ్ అసలు వాడలేదో ఎర్ర గీతల్లో కనిపిస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూను నాలుగు రెట్లు నెమ్మదించి చూడండి. క్లిక్కుకు స్పందన 200 మిల్లీసెకన్లు దాటితే జనానికి బండి మొండికేసినట్టే ఉంటుంది. సైటు మీది కాకపోతే, క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ, ఎంత సీపీయూ తీసుకుంటోందో వరసగా వస్తుంది. గెస్ట్ విండోలో అదే పేజీ చురుగ్గా తెరుచుకుంటే తప్పు చాలాసార్లు ఎక్స్‌టెన్షన్లదే.

ఇంకా తీసేయకుండా మిగిలిపోయిన అధికారం ఒకటుంది: మూడో పక్షం కుకీలు. కుకీ అంటే మిమ్మల్ని గుర్తుపట్టడానికి మీ బ్రౌజరులో దాచే చిన్న చీటీ. మీరు తెరిచిన సైటులో ఇమిడిన ఇంకో సంస్థ, సైటు సైటుకూ మిమ్మల్ని గుర్తుపట్టేది వీటితోనే. సఫారీ వీటిని 2020 మార్చిలో పూర్తిగా ఆపింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఏ సైటు కుకీలు ఆ సైటు డబ్బాలోనే ఉండేలా మామూలు సెట్టింగ్‌గానే చేసింది. క్రోమ్ రెండేళ్లలో తీసేస్తానని 2020 జనవరిలో చెప్పి, వాయిదాలు వేసి, 2024లో ఆ ఆలోచనే విరమించుకుంది. ప్రకటనల మీద బతికే సంస్థ చేతిలో ఈ తీసివేత ఆగిపోవడం నన్ను ఆశ్చర్యపరచదు గానీ, బాధపెడుతుంది. కాబట్టి ఆ పని మీరే చేసుకోవాలి. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, థర్డ్ పార్టీ కుకీస్‌లోకి వెళ్లి బ్లాక్ ఎంచుకోండి. చాలా సైట్లు యథాతథంగా నడుస్తాయి. తేడా కొట్టేది ఎక్కువగా వేరే సైటు ఖాతాతో లాగిన్ అయ్యేచోట, పేజీలో ఇమిడ్చిన చెల్లింపు ఫ్రేముల్లో. లాగిన్ చేసిన వెంటనే మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంటే కారణం ఇదే కావచ్చు. అప్పుడు అడ్రస్ బార్ కుడివైపు కన్ను గుర్తు మీద నొక్కి, ఆ ఒక్క సైటుకు అనుమతి ఇవ్వండి. మొత్తం సెట్టింగ్‌ను వెనక్కి తిప్పాల్సిన పని లేదు.